పదకొండో రీలు

కళ్ళజోళ్ళ షాపు షట్టరు రోజూ తొమ్మిదిన్నరకి లేస్తుంది. శనివారం మాత్రం తొమ్మిదికే లేస్తుంది. ఆ అరగంట బేరాల కోసమని ఎవరైనా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ముందురోజు సాయంత్రం వచ్చిన సీరియల్ ఎపిసోడ్ మీద తీరుబడిగా పోట్లాడుకోవడానికి ఆ అరగంట.

పోట్లాడుకునేది ముగ్గురు. ఒకరు షాపులో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి. ఆమెని అందరూ డాక్టరమ్మ అంటారు. తాను డాక్టరు కాదనీ, అక్షరాలు చదివించి నంబరు రాసే మనిషిననీ రోజుకి నలుగురికైనా చెబుతుంది. వింటే కదా! రెండో మనిషి పక్కనున్న మందుల షాపు యజమాని. వీధి వీధంతా ఆయన్ని బావగారూ అని పిలుస్తుంది. ఎవరికి బావో అడిగితే ఆయనకే తెలియదు. మూడో మనిషి లోపలి గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పెద్దాయన. వయసు అరవై ఒకటి. మాటల్లో పొదుపు, టీల్లో దుబారా. ఆయన్ని రీలు బాబాయి అంటారు. ఈ కథ ఆయనదే.

ఆ పేరు ఊరికే రాలేదు. బాబాయి ఇరవై ఏడేళ్ళు ఒక సినిమా హాల్లో మిషను నడిపాడు. ఇప్పుడా హాలు లేదు. అది ఉన్నచోట సోఫాలు అమ్మే నాలుగంతస్తుల షోరూము ఉంది. అటు వెళ్ళాల్సిన పని పడితే బాబాయి రెండు వీధులు చుట్టు తిరిగి వెళతాడు. సోఫాల మీద తనకేమీ కోపం లేదంటాడు. ఆయన అంటున్నాడు కాబట్టి నమ్ముదాం.

సినిమా కింద కూర్చున్నవాళ్ళకి ఒకటే కథ. పైన గదిలో అది పదహారు ముక్కలు. ఒక్కో ముక్క ఒక రీలు, ఒక్కో రీలు పది నిమిషాలు. గదిలో మిషన్లు రెండు. ఒకదాని మీద ఒక రీలు ఆడుతుండగానే రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచుకోవాలి. రీలు అయిపోవచ్చేసరికి తెర మీద కుడి పై మూలలో ఒక చుక్క కనిపించి మాయమవుతుంది. అది చూసి రెండో మిషను మోటారు వేయాలి. ఏడు సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు ఈ వెలుగు మూసి ఆ వెలుగు తెరవాలి. కుదురుగా చేస్తే అతుకు ఎవరికీ తెలియదు. జనం హీరోయిన్ కళ్ళలోకి చూసుకుంటూ కూర్చుంటారు, బాబాయి మూలకి చూస్తూ నిలబడతాడు. అలా చూసీ చూసీ, ఇప్పటికీ ఎవరైనా మనవడి ఫోటో చూపిస్తే ముందు కుడి పై మూలకి చూసి, ఆ తర్వాత పిల్లాడి దగ్గరికి వస్తాడు.

ఇక సీరియల్. దాని పేరు ‘రెండో తాళంచెవి’. వారానికొక ఎపిసోడ్, ఫోన్లోనే చూడాలి. బాబాయి ఫోన్లో దాన్ని పెట్టిచ్చింది డాక్టరమ్మే. ఒక ఇన్‌స్పెక్టరు ఉంటాడు. ఎంతటి తాళమైనా హెయిర్‌పిన్నుతో తీసేసే ఒక దొంగ ఉంటుంది, ఆడమనిషి. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆమె అతని చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతుంది. జారిపోయేలా అతనే చూస్తాడు. ఎందుకు చూస్తాడన్నదే చూసేవాళ్ళందరికీ నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

దానికి తోడు ఇంకో సరదా. ప్రతి ఎపిసోడ్‌లో ఎక్కడో ఒకచోట ఏదో పాత సినిమాలోని షాటుని దాచిపెడతారు. ముగ్గురూ వాటికి దొంగ షాట్లని పేరు పెట్టుకున్నారు. వాటిని పట్టడంలో బాబాయిని మించినవాడు లేడు. ఒకసారి ఎవరిదో సంచీ చిరిగి మెట్ల మీంచి కమలాపళ్ళు దొర్లిపోయాయి. డాక్టరమ్మ ఇంకా నోరు తెరవకముందే బాబాయి అందుకున్నాడు.

“అది ఐదో రీలు చివర. మొదటి చుక్క పడేసరికి మూడో పండు గడప దగ్గర ఆగుతుంది.”

“ఏ సినిమా గురువుగారూ? హీరో ఎవరు?” అన్నాడు బావగారు.

“హీరో గుర్తులేడు. పండు గుర్తుంది.”

అలాంటి మనిషి ఆయన.

నాలుగో ఎపిసోడ్ అయ్యాక ఇన్‌స్పెక్టరుకీ దొంగకీ ఉన్న సంబంధం మీద తాడో పేడో తేలిపోవాలన్నంత గొడవ జరిగింది. వాళ్ళు పాత ప్రేమికులన్నాడు బావగారు. అతని పెళ్ళాం చావు వెనక ఏదో రహస్యం ఈమెకి తెలుసు, అందుకే భయపడుతున్నాడంది డాక్టరమ్మ. బాబాయి లోపలి గదిలోంచి, చేతిలో ఉన్న అద్దం అంచుని వేలితో తడిమి చూసుకుంటూ అన్నాడు.

“వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు.”

బావగారు పకపకా నవ్వాడు. “అన్నాచెల్లెళ్ళైతే మొదటి ఎపిసోడ్‌లోనే కావిలించుకుని ఏడ్చేవాళ్ళు కదండీ!”

“నిన్న ఆ పిల్ల అతని బల్ల దగ్గరికొచ్చింది. అతను తాగుతున్న గ్లాసు తీసుకుని మిగతా నీళ్ళు తాగేసింది. అడగలేదు. థాంక్సూ చెప్పలేదు. అతని వంక చూడనైనా చూడలేదు. ప్రేమించినవాడి దగ్గరైతే ఎంతో కొంత ముఖం సర్దుకుంటారు బావగారూ. అన్న దగ్గర సర్దుకోవాల్సిన పనేముంది?”

బావగారు నవ్వు ఆపేశాడు. తర్వాత డాక్టరమ్మ మెల్లిగా అడిగింది. “మీకు చెల్లెలుందా బాబాయ్?”

“ఉంది,” అని మిషను ఆన్ చేసుకున్నాడు. అద్దం అరిగే చప్పుడులో ఇంకో ప్రశ్నకి చోటు లేకపోయింది. ఉండేది అనకుండా ఉంది అన్నందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు. ఎనిమిదేళ్ళుగా ఆ షాపులో పనిచేస్తున్నాడు, ఆ ఊసు ఎత్తడం అదే మొదలు.

తొమ్మిదో ఎపిసోడ్ వచ్చిన శుక్రవారం బాబాయి తన గదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఎప్పట్లాగే చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు ఇల్లు. బయట కళ్ళు చెదిరే ఎండ. తలుపు చప్పుడైంది. అతను తీశాడు. గుమ్మంలో దొంగ నిలబడి ఉంది, చేతిలో గొడుగు. గొడుగు నిండా నీళ్ళు, గడప మీద బొటబొటా కారుతున్నాయి. అతనేమీ అనలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు. సరిగ్గా అప్పుడు, తెర మీద కుడి పై మూలలో, ఒక నల్లచుక్క.

బాబాయి కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. అక్కడ లేని మీట కోసం వెతికింది. ఏడు సెకన్లకి రెండో చుక్క పడింది. తర్వాతి సీనులో అదే ఇంట్లో ఇద్దరూ గొడవపడ్డారు, ఆమె విసురుగా బయటికి వెళ్ళింది, అప్పుడు మొదలైంది వాన.

ఆయన ఫోను బోర్లించి పెట్టి, అలాగే కూర్చుండిపోయాడు.

మర్నాడు ఆయన వచ్చేసరికి బావగారు నవ్వలేక పొట్ట పట్టుకుంటున్నాడు. “చూశారా గురువుగారూ! ఎండలో తడిసిన గొడుగు! ముందు గొడుగు తడిసింది, తర్వాత వాన వచ్చింది. లోకమంతా దుమ్మెత్తి పోస్తోంది. ఇదిగో చూడండి, ఒకడు రాశాడు, ‘దొంగగారు దారిలో స్నానం చేసి వచ్చారా?’ అని.”

“పైన మూల ఏదో మచ్చ కూడా కనిపించింది,” అంది డాక్టరమ్మ. “కెమెరా అద్దం తుడుచుకోలేదేమో. మన దగ్గరికి పంపిస్తే... బాబాయ్! ఏమైంది? కూర్చోండి ముందు.”

కళ్ళు పరీక్ష చేసే కుర్చీలోనే కూర్చోబెట్టింది. బాబాయి మంచినీళ్ళు తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.

“అది తప్పు కాదు. దొంగ షాటు. ఆ షాటు ఏ సినిమాలోనూ లేదు. మా హాల్లో ఒకే ఒక్క ఆటలో ఉంది.”

ఆ తర్వాత, ఎనిమిదేళ్ళలో మాట్లాడినన్ని మాటలు ఆ అరగంటలో మాట్లాడాడు.

ఆయనకీ చెల్లెలికీ పదహారేళ్ళ తేడా. తల్లీ తండ్రీ ఏడాది తిరక్కుండా వెనకా ముందూ పోయారు. అప్పటికి ఆమెకి తొమ్మిదేళ్ళు, ఆయనకి ఇరవై అయిదు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక హాలుకి తీసుకెళ్ళేవాడు. ఆ పిల్ల మిషన్ల గదిలోనే పెరిగింది. రీళ్ళు వెనక్కి చుట్టే బల్ల మీదే బడి లెక్కలు చేసింది. కాస్త పెద్దదయ్యాక ఒక పని తనే నెత్తిన వేసుకుంది. అయిపోయిన రీలు చుట్టి డబ్బాలో పెట్టడం, తర్వాత ఎక్కాల్సిన రీలు తీసి స్టూలు మీద ఉంచడం. ఆయన స్టూలు వంక చూడకుండానే చెయ్యి చాచేవాడు. సరైన రీలు చేతికి తగిలేది. పదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మిగతా సమయమంతా ఇద్దరికీ వాదన. కిటికీ కంతలోంచి ఆమె సినిమా చూసేది. “ఈవిడ వాణ్ణి ఎందుకు క్షమించింది అన్నయ్యా? నేనైతే చచ్చినా క్షమించను.” “క్షమించకపోతే కథ అయిపోదుగా, ఇంకో రెండు రీళ్ళు కావాలి.” “అయితే ఆ రెండు రీళ్ళూ నేను రాస్తాను.” నిజంగానే రాసేది. మిగిలిపోయిన వాల్‌పోస్టర్ల వెనకవైపు, పెన్సిలుతో, ప్రతి సినిమాకీ తన సొంత ముగింపు. ఆయన చదివి మూతి విరిచేవాడు, దాచేవాడు. శనివారం పోట్లాటలంటే బాబాయికి అంత ప్రాణం ఎందుకో ఇప్పుడు మనకి అర్థమవుతోంది.

ఆమెకి ఇరవై రెండో ఏడు వచ్చినప్పుడు పెద్ద నగరం నుంచి ఉత్తరం వచ్చింది. సినిమాలకి కథలు రాసే ఒకాయన, సహాయకురాలిగా వచ్చి పనిచేయమన్నాడు. బాబాయి అప్పటికే ఎవరెవరినో బతిమాలి ఆమెకి టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం ఖాయం చేసి ఉన్నాడు. తెలియని ఊరు, తెలియని మనుషులు, సినిమావాళ్ళు. ఆయన ససేమిరా అన్నాడు. ఆమె సంచీ సర్దుకుంది. ఒక బుధవారం, మార్నింగ్ షోకీ మ్యాట్నీకీ మధ్య, మిషన్ల గదిలో ఇద్దరికీ గొడవ ముదిరింది.

“వెళ్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దు,” అన్నాడు బాబాయి.

విచిత్రం ఏమిటంటే ఆ మాట ఆయనది కాదు. రెండు వారాలుగా ఆ హాల్లో ఒక క్రైమ్ సినిమా ఆడుతోంది. అందులో కోర్టు గుమాస్తా అయిన అన్న, దొంగల్లో కలిసిన చెల్లెల్ని అనే మాట అది. పదో రీల్లో వస్తుంది. ఆ మాట అనగానే ఆమె ఇల్లు వదిలి వెళుతుంది, బయట వాన మొదలవుతుంది. పదకొండో రీల్లో ఆమె తడిసిన గొడుగుతో తిరిగొచ్చి తలుపు కొడుతుంది. అన్న తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకి జరుగుతాడు.

“తిట్టడానికి కూడా నీకు సొంత మాట లేదా అన్నయ్యా?” అందట చెల్లెలు. అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆట మొదలుపెట్టాడు. తొమ్మిదో రీలు అయిపోవస్తుంటే అలవాటుగా స్టూలు మీదకి చెయ్యి చాచాడు. స్టూలు ఖాళీ. అప్పటిగ్గానీ తర్వాతి రీలు పెట్టే మనిషి లేదన్న సంగతి తలకెక్కలేదు. మొదటి చుక్క పడబోతోంది. కంగారుగా డబ్బాల్లోంచి ఒకటి లాగి, అంకె చూసుకోకుండా ఎక్కించేశాడు. అది పదకొండోది. చూసుకునేసరికి గొడుగు తలుపు దగ్గరికి వచ్చేసింది. ఆ తర్వాత పదోది వేశాడు, ఇంకేం చేస్తాడు! జనానికి చెల్లెలు ముందు తిరిగొచ్చింది, తర్వాత వెళ్ళిపోయింది. గొడుగు ముందు తడిసింది, వాన తర్వాత కురిసింది. హాల్లో నలభై మంది కూడా లేరు. ఎవరో ఇద్దరు ఈల వేశారు. మేనేజరు పైకొచ్చి నానా చీవాట్లూ పెట్టాడు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో బాబాయి చేసిన తప్పు అదొక్కటే. ఎవరికీ చెప్పుకోలేదు.

“ఆ రాత్రి గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతను చెప్పాడు,” అన్నాడు బాబాయి. “మీ చెల్లెలు మ్యాట్నీలో కూర్చుని, మధ్యలో సంచీ పట్టుకుని లేచి వెళ్ళింది అని. నేనేమో కిందకి దిగి ఒక్కసారి చూడనైనా చూడలేదు.”

ఆమె ఉత్తరాలు మూడు వచ్చాయి. మొదటిది పంతానికి పోయి నెల రోజులు విప్పలేదు. రెండోది చదివాడు, జవాబు రేపు రాద్దామనుకున్నాడు. రేపులు చాలా గడిచాయి. మూడోది వచ్చాక కూర్చుని నాలుగు పేజీలు రాసి పంపితే, ఆ చిరునామాలో ఎవరూ లేరని కవరు తిరిగొచ్చింది. తర్వాత హాలు మూతపడింది, ఉన్న ఇల్లు పడగొట్టారు, ఆయన ఇంకో వీధిలో గదికి మారాడు. ఆ మూడు ఉత్తరాలూ, తిరిగొచ్చిన కవరూ ఒక ఖాళీ రీలు డబ్బాలో ఉన్నాయి.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. బావగారు లోకజ్ఞానం ఉన్న మనిషి కాబట్టి ముందు గొంతు సవరించుకున్నాడు. “గురువుగారూ, తప్పుగా అనుకోకండి. హాల్లో నలభై మంది ఉన్నారన్నారు. రాసింది వాళ్ళలో ఎవరైనా కావచ్చు కదా.”

ఆ మాట నిజమే. ముగ్గురూ కలిసి ఎపిసోడ్ చివర పరుగెత్తే పేర్లని ఆపి చూశారు. రచన అన్నచోట అయిదు పేర్లున్నాయి. అందులో చెల్లెలి పేరు లేదు. బాబాయి రెండుసార్లు చదివించుకున్నాడు, మూడోసారి తనే చదివాడు.

“పేర్లు మార్చుకుంటారు బాబాయ్,” అంది డాక్టరమ్మ. “ఆ సీరియల్‌కి అభిమానులు రాసుకునే పేజీ ఒకటుంది. రాసినవాళ్ళు కూడా అప్పుడప్పుడు అందులో చూస్తారట. మీరు చెప్పండి, నేను కొడతాను.”

బాబాయి చెప్పాడు. ఆమె ఆయన ఫోన్లోనే, ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది. “ఆ గొడుగు తప్పు కాదు. ఇరవై మూడేళ్ళ కిందట ఒక హాల్లో బుధవారం మ్యాట్నీకి పదో రీలు కంటే పదకొండో రీలు ముందు పడింది. ఆ రోజు మిషను నడిపింది నేను. ఈ సీను రాసినవారు ఆ రోజు ఏ వరుసలో కూర్చున్నారో చెప్పగలరా?”

సాయంత్రానికి కింద మూడొందల మంది ఏదో ఒకటి రాశారు. కొందరు తాతగారికి దండం పెట్టారు. కొందరు, ఈయన కథ సీరియల్ కంటే బాగుంది, రెండో భాగం ఈయన్నే రాయమనండి అన్నారు. నేను మొదటి వరుసలో కూర్చున్నానని ఒకడు, నేను తెర వెనక కూర్చున్నానని ఇంకొకడు. డాక్టరమ్మ వాటిని చదివి వినిపించడం మానేసింది.

బాబాయి ఆ వారమంతా కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూశాడు. ఫోనుని జేబులో పెట్టుకుంటే మోగినా తెలియదేమోనని అద్దాలు అరగదీసే బల్ల మీద, కళ్ళెదురుగా పెట్టుకున్నాడు. ఎడమ కన్ను అద్దం కుడివైపు, కుడి కన్ను అద్దం ఎడమవైపు బిగించి ఒక పెద్దమనిషికి లోకాన్ని తలకిందులు చేసి చూపించాడు. ఆ పెద్దమనిషి కోపంగా తిరిగొస్తే డాక్టరమ్మ తప్పు తన మీద వేసుకుంది. అంతకు ముందు ఇరవై మూడేళ్ళూ లేని తొందర ఈ ఎనిమిది రోజుల్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఆశ లేనప్పుడు ఆయన హాయిగా టీ తాగేవాడు. ఇప్పుడు టీ చల్లారిపోతోంది. రోడ్డు మీద నలభై దాటిన ఆడమనిషి ఎవరైనా సంచీ భుజాన వేసుకుని పోతుంటే తల తిప్పి చూసేవాడు. చెల్లెలి ముఖం ఆయన మనసులో ఇరవై రెండేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఎదురుపడితే గుర్తుపట్టగలనా అన్న భయం మొదటిసారి కలిగింది.

తొమ్మిదో రోజు ఆదివారం. షాపు సెలవు. మధ్యాహ్నం గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా ఫోను టింగుమంది. ఫోటో లేని మనిషి నుంచి, ఆయన ఒక్కడికే వచ్చిన సందేశం.

“చివరి వరుస. ఎడమవైపు నుంచి రెండో సీటు. మొదటి సీటుకి స్ప్రింగు లేచి ఉండేది కదా, అందుకని.”

బాబాయి మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి, చొక్కా కాలుతున్న వాసన వస్తే లేచి ఇస్త్రీపెట్టె తీశాడు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుని, “చెల్లాయ్” అని కొట్టాడు. అంతకు మించి వేలు కదల్లేదు.

అటునుంచి పెద్దదే వచ్చింది.

“అన్నయ్యా, ఒక్క విషయం అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు గదిలో నువ్వు నన్నన్న మాట పదో రీల్లోది. అది మళ్ళీ తెర మీద వినాల్సొస్తుందని చెవులు మూసుకుని కూర్చున్నాను. రాలేదు. దాని బదులు తలుపు తీశావు. ఆ మాట వెనక్కి తీసుకున్నావనుకున్నాను. నోటితో చెప్పలేక, నా కోసమే అలా వేశావనుకున్నాను. ఆ తర్వాతది చూడబుద్ధి కాక లేచెళ్ళి అయిదింటి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడ్చాను, సంతోషంతోనే. ఆ ధైర్యంతోనే అక్కడ బతికాను. కానీ మూడు ఉత్తరాలు రాస్తే నువ్వు ఒక్కదానికీ పలకలేదు. మరి తలుపు తీసింది ఎందుకు? ఒకసారి వచ్చాను కూడా. హాలు లేదు, మనిల్లు లేదు. ఎవర్నడిగినా తెలియదన్నారు. నిన్ను అడగడానికి ఇంకో దారి లేక ఆ సీను రాశాను. నువ్వు బతికుంటే చుక్క చూస్తావని తెలుసు. కావాలని వేశావా? పొరపాటున పడిందా?”

బాబాయి దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్క లేదు. తన బతుకు మొత్తానికి మచ్చ అనుకుని దాచుకున్న పది నిమిషాలని, ఇంకొక మనిషి ఎక్కడో కూర్చుని, ఉన్న ఒకే ఒక్క ఆస్తిలా దాచుకుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ సంగతి ఆయన బుర్రకి తట్టలేదు.

‘కావాలనే.’ నాలుగక్షరాలు. కొట్టేస్తే సరిపోతుంది. ఆ బస్సు ప్రయాణం, ఆ ఏడుపు, ఆ ధైర్యం అన్నీ ఆమెకి మిగిలిపోతాయి. నాలుగూ కొట్టాడు కూడా. పంపలేదు. ఆ పిల్ల తొమ్మిదేళ్ళ నుంచీ ఆయన పక్కన నిలబడి రీళ్ళు అందించిన మనిషి. తన అన్న రీళ్ళతో ఆటలాడే రకం కాదని ఆమెకి తెలియదా? అయినా ఒకసారి అరువు మాటతో ఆమెని పంపేశాడు. రెండోసారి అబద్ధంతో పిలవబుద్ధి కాలేదు. నాలుగక్షరాలూ చెరిపేశాడు.

జవాబు కొట్టడానికి గంట పట్టింది.

“పొరపాటే చెల్లాయ్. స్టూలు మీద రీలు పెట్టడానికి నువ్వు లేవు. కంగారుపడ్డాను. చూసుకోకుండా ఎక్కించాను. నీ ఉత్తరాలు మూడూ ఉన్నాయి. పంతానికి పోయి పలకలేదు. తర్వాత రాస్తే నువ్వక్కడ లేవని కవరు తిరిగొచ్చింది. అదీ ఉంది. ఇప్పుడైతే కావాలనే వేస్తాను. పదో రీలు అసలు వెయ్యను.”

పంపించేశాక భయం పట్టుకుంది. నిజం చెప్పి చేతులారా చెడగొట్టుకున్నానా అనుకున్నాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. కాలిన చొక్కా మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. డాక్టరమ్మకి ఫోన్ చేద్దామనుకుని, ఆ సమయంలో అటునుంచి వస్తే లైను దొరకదేమోనని మానుకున్నాడు. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది పదకొండోసారికి స్టార్టయింది. ఫోను మాత్రం పలకలేదు.

ఎండ కిటికీ దాటి గోడ మీదకి ఎక్కాక టింగుమంది.

“అబద్ధం చెప్తావేమోనని భయపడ్డాను. అడ్రసు పెట్టు.”

బాబాయి ఒక్క ఉదుటున ఫోను అందుకున్నాడు. వీధి పేరు కొట్టాడు. వీధి మొదట్లో మందుల షాపు గుర్తు అని కొట్టాడు. తర్వాత డోరు నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. ఎంత ఆలోచించినా రాలేదు. పదమూడేళ్ళుగా ఆ గదిలో ఉంటున్నాడు. కరెంటు బిల్లు ఇంటాయన పేరున వస్తుంది. ఆయన పేరున ఆ ఇంటికి ఇంతవరకూ ఒక్క ఉత్తరం రాలేదు, ఎవరూ రాలేదు, నంబరుతో ఆయనకి పనే పడలేదు.

ఫోను ముట్టుకుంటే ఆ మాటలు చెరిగిపోతాయేమో అన్నట్టు, దాన్ని మంచం మీదే పదిలంగా పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రెండంతస్తులూ దిగాడు. గేటు పక్క గోడకి చిన్న రేకు బిళ్ళ ఉంది. దాని మీద అంకెలున్నాయి, రంగు వెలిసిపోయి. మసకమసకగా తప్ప ఆనలేదు. వీధిలో సగం మంది ముక్కుల మీద ఆయన బిగించిన అద్దాలే ఉన్నాయి, ఆయనవి మాత్రం పైన ఫోను పక్కనే తీసిపెట్టి వచ్చేశాడు. తనని తాను తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కాడు, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ దిగాడు. ముందు అలవాటుగా బిళ్ళ కుడి పై మూలకి చూశాడు. అక్కడ ఒక మేకు తల తప్ప ఏమీ లేదు.

అప్పుడు అంకెలు చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు, వేలితో ఒక్కోటీ తడిమి. ఈసారి ముందుది వెనకా, వెనకది ముందూ పడటానికి వీల్లేదు. ఆ నంబరునే పైకి అనుకుంటూ, ఒక్కో మెట్టుకీ ఒకసారి, గబగబా పైకెక్కాడు.